దిబ్బవలస బుధవారాలు

ఎనిమిదేళ్ల పాటు ప్రతి బుధవారం నేను దిబ్బవలస వెళ్లాను. ఆ ఊళ్లో ఎవరింట్లో పొయ్యి ఏ మూల ఉంటుందో, ఏ కుక్క కరుస్తుందో, ఏది ఉత్తినే అరుస్తుందో నాకు తెలుసు. ఆ ఊరి గురించి నాకు తెలియనిది లేదని చోడవరం ఆఫీసులో బల్ల గుద్ది మరీ చెప్పేదాన్ని. ఒక గురువారం పొద్దున్న వెళ్లి చూశాక, నాకు తెలిసింది ఆ ఊరు కాదనీ, వారానికోసారి నా కోసం సర్దిపెట్టిన మరో ఊరనీ అర్థమైంది. రిటైరయి ఏడాది దాటింది. ఆ రోజు తగిలిన దెబ్బ నుంచి నేను ఇంకా పూర్తిగా తేరుకోలేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. "మేడమ్, ఫీల్డులో ఎలా ఉండాలి?" అని అడుగుతారు. రిపోర్టులు ఎలా రాయాలో, మీటింగులు ఎలా పెట్టాలో మీకు చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను చెప్పగలిగింది నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి. అది చిన్న తప్పయితే ఇంత రాయాల్సిన పని లేదు.

బెల్లం గొడౌను మీద ఆఫీసు

మా ట్రస్టు ఒక కుటుంబం పెట్టింది. పెట్టినాయన సూర్యనారాయణగారు, చోడవరంలో బెల్లం వర్తకులు. మేమంతా ఆయన్ని పెద్దాయన అనేవాళ్లం. ఆయన తల్లి పుట్టిల్లు పాత దిబ్బవలస. దేవరాపల్లి అవతల కొండల కింద రిజర్వాయరు కట్టినప్పుడు పల్లంలో ఉన్న ఆ ఊరు నీళ్లలోకి పోయింది. చాలామంది తలో దిక్కుకీ వెళ్లిపోతే, నలభై కుటుంబాలు మాత్రం ఎదురుగా ఉన్న మెట్ట మీదికి ఎక్కి అక్కడే ఇళ్లు వేసుకున్నాయి. ఇప్పుడు ఆ మెట్టకి నాలుగు వైపులా నీళ్లే. ఉప్పు కావాలన్నా పడవెక్కాల్సిందే.

తల్లి పోయాక పెద్దాయన ఆవిడ పేరున ట్రస్టు పెట్టారు. ఆవిడ పుట్టింటివాళ్లు తమ కాళ్ల మీద తాము నిలబడి చిన్న చిన్న వ్యాపారాలు చేసుకోవాలని ఆయన కోరిక. "అప్పిస్తే తలొంచుకుంటారు, దానమిస్తే చెయ్యి చాస్తారు, పనిముట్టిస్తే పనిలో పడతారు" అనేవారు. మంచి మాటే. ఇప్పటికీ నేను ఆ మాటకి ఎదురు చెప్పను. ఎవరికి ఏ పనిముట్టు అన్నది ఎవరు తేల్చాలి అనే దగ్గరే మేం బోర్లా పడ్డాం.

ఆఫీసు బెల్లం గొడౌను మీద మేడ. సీజన్లో కాగితాల మీద కూడా ఈగలు వాలేవి. నాది బుచ్చయ్యపేట. చర్చి తరఫున ఆడపిల్లలకి కుట్టు నేర్పేదాన్ని. ఆ సంగతి విని పెద్దాయన పిలిపించారు. ఇంటర్వ్యూలో అడిగింది ఒక్కటే ప్రశ్న.

"ఎండలో నడవగలవా అమ్మా?"

"నడవగలనండి" అన్నాను.

ఉద్యోగం ఇచ్చేశారు. "చూడగలవా?" అని కూడా అడిగి ఉండాల్సింది. అడిగినా చూడగలననే చెప్పేదాన్ని లెండి. నా మీద నాకు అంత నమ్మకం.

మామ్మ అడిగిన పడవ

దిబ్బవలసలో మొదటి మీటింగుకి ఊరంతా వచ్చింది. మీకేం కావాలో చెప్పండి అన్నాను. ఎవరూ నోరు విప్పలేదు. వెనక వరసలోంచి సింహాద్రమ్మ అనే ముసలావిడ నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ చుట్ట నోట్లోంచి తీసి, "మాకు పొద్దున్నపూట ఇంకో పడవుంటే సాలు తల్లీ. ఉన్నదొక్కటే. అది మనుసులకి సాల్తే సరుక్కి సాల్దు" అంది.

నేను నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది. "పడవ వ్యాపారం కాదు మామ్మా, నేను వ్యాపారం గురించి అడుగుతున్నాను" అన్నాను. ఆవిడ మళ్లీ చుట్ట నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాత ఎనిమిదేళ్లలో ఏ మీటింగులోనూ ఆవిడ మాట్లాడలేదు. నేను దాన్ని వయసు కింద కట్టేశాను.

ఆవిడ కోడలు పైడమ్మ. అప్పటికి ముప్పై ఏళ్లుంటాయి. చురుకైన మనిషి, చేతులు ఊరికే ఉండవు, మాట చక్కగా వస్తుంది. ఇలాంటి మనిషికి కుట్టుమిషను ఇస్తే ఊరికి దీపం పెట్టినట్టే అనుకున్నాను. నేను కుట్టు టీచర్ని కదా, లోకంలో ప్రతి చురుకైన ఆడమనిషీ నా కంటికి టైలరులాగే కనిపించేది. ఆమెకి మిషను ఇచ్చాం. ఇంకొకళ్లకి విస్తరాకుల మిషను, ఇంకొకళ్లకి కారం ఆడే మర. రెండేళ్లు తిరిగేసరికి మా వస్తువు లేని ఇల్లు దిబ్బవలసలో లేకుండా పోయింది.

పిల్లలూ, మీరు ఏ పనిలో గొప్పవాళ్లో ఆ పని పేదవాళ్ల మీద రుద్దకండి. ఈ ఒక్క ముక్కా నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

సంత బస్సు, ఎర్ర తువ్వాలు

నేను వెళ్లడానికి బుధవారం ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలి. మామూలు రోజుల్లో బస్సు దేవరాపల్లి దగ్గరే ఆగిపోతుంది. బుధవారం మాత్రం ఇంకా ముందుకెళ్లి, పడవ రేవు ఉన్న రేవుపాలెం దాకా పోతుంది. ట్రస్టు జీపు అడగకుండా బస్సులో పోయి వస్తున్నానని నాకు మహా గర్వం. ఆ బస్సు నిండా గంపలు, కోళ్లు, ఉల్లిపాయల బస్తాలు, కొండచీపుళ్ల కట్టలు. చీపురుపుల్లలు గుచ్చుకుంటున్నాయని ఎంతమందిని కసిరానో లెక్కలేదు. ఆ రద్దీ అంతా ఎందుకంటే, బుధవారం రేవుపాలెంలో సంత. చుట్టుపక్కల కొండ ఊళ్లన్నీ అక్కడికే వస్తాయి. పొద్దున్నే మొదలై మధ్యాహ్నానికల్లా ఎత్తేస్తారు.

నేను బస్సు దిగి, ఆ సంత మధ్యలోంచే నడిచి, రేవులో పడవ ఎక్కేదాన్ని. పడవ నడిపే అప్పలస్వామి నన్ను ఎక్కించుకోగానే తలకి చుట్టుకున్న ఎర్ర తువ్వాలు తీసి పడవ తోసే గెడ చివర కట్టేవాడు. నెత్తి మాడిపోతుంటే తువ్వాలు గెడకి కడతాడేమిటి ఈ మనిషి అని ఎన్నోసార్లు అనుకున్నాను. ఒక్కసారైనా అడగలేదు.

అవతల ఒడ్డున దిగేసరికి ఊరు కళకళలాడుతూ ఉండేది. మర తిరుగుతూ, విస్తరాకుల మిషను టపటపా కొట్టుకుంటూ, పైడమ్మ అరుగు మీద మిషను తొక్కుతూ. నన్ను చూడగానే అందరూ లేచి నిలబడేవాళ్లు. కొబ్బరిబొండాం వచ్చేది. సాయంత్రం దాకా ఇంటింటికీ తిరిగి, సలహాలు చెప్పి, కడుపు నిండిన సంతోషంతో తిరిగొచ్చేదాన్ని. వానైనా, ఎండైనా, జ్వరమైనా ఒక్క బుధవారం మానలేదు. అందుకు ట్రస్టు వార్షికోత్సవంలో నాకు శాలువా కప్పారు. ఆ శాలువా ఇంకా మా బీరువాలో ఉంది, చూడాలంటే భయమేస్తుంది.

గురువారం

ఒక బుధవారం పైడమ్మ అరుగు మీద కళ్లజోడు మరిచిపోయి వచ్చేశాను. మర్నాడు పొద్దున్న బైబిలు తెరిస్తే అక్షరం కనిపించలేదు. ఆఫీసుకి సెలవు చెప్పి బయల్దేరాను. దేవరాపల్లి నుంచి ఆటో మాట్లాడుకున్నాను. రేవులో అప్పలస్వామి లేడు, చుట్టాలింటికి వెళ్లాడట. చేపలు పట్టేవాడొకడు తన తెప్ప మీద దాటించాడు. గెడకి తువ్వాలు లేదు.

దిగి నాలుగడుగులు వేశానో లేదో, దారి తప్పానేమో అనిపించింది. మర ఉన్న గది తలుపుకి అడ్డంగా ఎత్తుగా కట్టెలు పేర్చి ఉన్నాయి. ముందు రోజు ఆ గుమ్మంలోనే నిలబడి కారం ఘాటుకి తుమ్మాను. విస్తరాకుల మిషనుకి కొత్త చీర చుట్టి, పసుపు కుంకుమ పెట్టి, ముందు ప్రమిద ఉంచారు. బుధవారాలు దాని మీద కుంకుమ బొట్లు చూసి పని మీద ఎంత భక్తి అని మురిసిపోయేదాన్ని. ఆ భక్తి పని మీద కాదు, ఇచ్చిన చెయ్యి మీద. పైడమ్మ కుట్టుమిషను మీద యూరియా సంచులు కప్పి ఉన్నాయి. వాటి మీద గంప, గంపలో గుడ్లు పొదుగుతున్న కోడి. అది నన్ను చూసి మెడ రిక్కించింది.

పక్కన దండెం మీద ఆకుపచ్చ జాకెట్టు ఒకటి వేలాడుతోంది. ఆ జాకెట్టు నాకు బాగా తెలుసు. ఎన్నో బుధవారాలు పైడమ్మ చేతిలో చూశాను. నేను కుట్టు టీచర్ని, చెయ్యి ఊరుకోలేదు. తీసి కుట్టు వైపు తిప్పి, చెయ్యి చాచి వెలుతురుకెదురుగా పట్టాను. కుట్టు పొడుగునా సూది రంధ్రాలు జల్లెడలా ఉన్నాయి. కుట్టడం, విప్పడం, మళ్లీ వారం కుట్టడం. ఎన్నేళ్లుగా అలా కుట్టి విప్పిందో. అరుగు మీద కూలబడ్డాను.

లోపలి నుంచి పైడమ్మ వచ్చింది. చేతిలో నా కళ్లజోడు. కొంగుతో తుడుస్తూ వచ్చి, నన్ను చూసి, జాకెట్టుని చూసి ఆగిపోయింది.

"ఇదేమిటి పైడమ్మా?" అన్నాను.

"ఈ రోజు గురువారం కదమ్మగోరూ" అంది తల దించుకుని.

ఆమె వెనక, పెరటి గోడకి ఆనించి, చూరు దాకా కొండచీపుళ్లు పేర్చి ఉన్నాయి. అందమైన చీపుళ్లు. పిడి దగ్గర వెదురు చీలికతో మెలి తిప్పి కట్టిన కట్టు చూస్తేనే తెలుస్తుంది, కట్టిన చెయ్యి తరాలుగా కడుతున్న చెయ్యి అని.

"ఇవెవరివి?"

"నావే. మా అమ్మ కాణ్ణించీ కడతన్నాం. మీరొచ్చే రోజు పెరట్లోకి తోసీసి గోనె కప్పీవోల్లం. మిసనిచ్చినోరు సీపుర్లు సూస్తే బాగోదు కదా."

"మరి వీటిని ఎక్కడ అమ్ముతున్నావు?"

"సావుకారొకడు పడవేసుకొచ్చి మొత్తం ఎత్తుకెల్లిపోతాడు. ఆడి మాటే రేటు."

"ఎదురుగా సంత పెట్టుకుని షావుకారుకి ఇవ్వడమేమిటే? సంతకి ఎందుకు వెళ్లవు?"

పైడమ్మ కళ్లజోడు నా చేతిలో పెట్టింది. గోడవారన కూర్చున్న సింహాద్రమ్మ ఎనిమిదేళ్ల తర్వాత చుట్ట నోట్లోంచి తీసింది.

"సంత బుధారం తల్లీ" అంది. "బుధారం నువ్వొస్తావు కద."

బస్సులో గుచ్చుకున్న చీపురుపుల్లలు, గంపలు, నేను తోసుకుంటూ దాటిన సంత అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఎనిమిదేళ్లు సంత బస్సులో వెళ్లి, సంత మధ్యలోంచి నడిచి, ఒక ఊరివాళ్లని సంతకి పోకుండా కట్టేసింది నేను. వాళ్లకి వ్యాపారం నేర్పడానికి. కంచే చేను మేసింది అంటారే, ఆ కంచె నేనే.

"నాలుగు వారాలొచ్చి మానేస్తావనుకున్నాం" అంది సింహాద్రమ్మ తాపీగా. "నువ్వు మాననేదు."

ఆడపడుచు కొడుకు

ఎందుకు చెప్పలేదని ఏడుస్తూనే అడిగాను. కోపం కూడా వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఒక్క మాట చెబితే రోజు మార్చుకునేదాన్ని కదా.

సింహాద్రమ్మకి నా మాట అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. ఇంటికొస్తానన్న మనిషిని ఆ రోజు రావద్దని ఎవరైనా అంటారా? పైగా ట్రస్టువాళ్లం వట్టి చుట్టాలం కాదు. "పెద్దయ్యగోరి అమ్మ ఈ ఊరి ఆడపడుసు" అంది. "ఆడపడుసు కొడుకు పెట్టిన సామాను మూలనెట్టీసినామంటే ఆయన మనసు ఎలగుంటాది? ఆ యింటి ఉసురు పుట్టింటికి మంచిది కాదు తల్లీ. ఆయన నిన్నంపితే, నిన్ను సూసినా ఆయన్ని సూసినట్టే."

అప్పలస్వామి తువ్వాలు సంగతి అప్పుడు తెలిసింది. అది గెడకి ఎక్కగానే అవతల కట్టెలు తీసి మర తిప్పేవారు, చీర విప్పి విస్తళ్లు కొట్టేవారు, కోడి గంపని దించేవారు. మోసం అనే ఆలోచనే వాళ్లకి లేదు. చుట్టం వస్తున్నాడంటే వాకిలి ఊడ్చుకోమా, ఇదీ అంతే. పెద్దాయన ప్రేమతో పెట్టిన ట్రస్టు ఇది. ఆ ప్రేమకి ఎదురు చెప్పలేకే ఆ ఊరు నోరు నొక్కుకుంది. వేరే ఎవరో పరాయివాళ్లు వచ్చి ఉంటే, మీ మిషనొద్దు గిషనొద్దు పొమ్మని ఉండేవాళ్లేమో.

పైడమ్మ పోగొట్టుకున్నది ఇంకొకటి ఉంది. రేవుపాలెం సంతలో ఎవరి చోటు వాళ్లదే. వరసగా మూడు సంతలు ఖాళీగా వదిలేస్తే చోటు పోతుంది. ఖాళీ చోటులో వరసగా మూడు సంతలు కూర్చుంటే అది మనదవుతుంది. ఆ ఇంటి మనిషో, ఆ ఊరి రక్తమో కూర్చోవాలి, కూలికి కూర్చోబెడితే చెల్లదు. ఆ ఊళ్లోనే పుట్టిన పైడమ్మ తల్లికీ, ఆవిడ తర్వాత పైడమ్మకీ చేపల వరస మలుపులో, కుళాయి పక్కన చోటుండేది. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ అందరి కళ్లూ పడే చోటు. నేను వెళ్లడం మొదలుపెట్టిన మూడో బుధవారంతో ఆ చోటు పోయి కుండలమ్మే ఆవిడకి వెళ్లింది.

"ఆవిడకి మోకాళ్లు పనిసెయ్యక సంత మానీసింది" అంది పైడమ్మ. అప్పటిదాకా లేని వెలుగు ఒకటి ఆమె మొహంలో కనిపించింది. "రెండు సంతలై ఖాళీగా ఉంది. వచ్చే బుధారంతో సోటు పోద్ది. ఆ రోజు ఎవులు ముందు కూకుంటే ఆల్లకి మొదులు. ప్లాస్టిక్ సీపుర్లోడు కాసుక్కూకున్నాడు."

"అయితే నువ్వు వెళ్లి కూర్చో. నేను చెబుతున్నాను."

ఆమె తలూపింది. వచ్చే బుధవారం ఏముందో ఆ నిమిషంలో ఇద్దరికీ గుర్తు రాలేదు.

నా రెండో తప్పు

తిరుగు ప్రయాణంలో తెప్ప మీదే గుర్తొచ్చింది. వచ్చే బుధవారం హైదరాబాదు నుంచి ఒక సంస్థవాళ్లు దిబ్బవలస చూడటానికి వస్తున్నారు. వాళ్లకి నచ్చితే మా పని రోలుగుంట వైపు ఊళ్లకి కూడా పాకుతుంది. పెద్దాయనే వాళ్లని వెంటబెట్టుకుని తీసుకెళ్తారు. చూపించాల్సినవాళ్లలో మొదటి పేరు పైడమ్మది, నేను రాసిచ్చిందే.

ఆఫీసు చూసుకునేది పెద్దాయన కూతురు ఇందిర. తెలివైన మనిషి, చెడ్డది కాదు. మేడ మీద తలుపు వేసుకుని మొత్తం చెప్పాను. ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, కింద బెల్లం దింపే బండ్లని చూస్తూ అంది.

"సుగుణగారూ, నాన్నగారికి ఎనభై దగ్గర పడుతున్నాయి. వాళ్లమ్మ పేరు మీద పెట్టింది ఇది. ఇప్పుడు చెబితే తట్టుకుంటారా? ఈ ఒక్క బుధవారం దాటనివ్వండి."

నేను సరే అన్నాను. నిజం తెలిశాక కూడా దాచిపెట్టడానికి ఒప్పుకున్నాను. మొదటి తప్పు తెలియక చేశాను, ఇది తెలిసి చేశాను. రెండు నెలల్లో రిటైరవుతున్నాను, పోయేటప్పుడు గొడవెందుకని నాలో ఒక పిరికిది గొణిగింది. పైడమ్మకి ఒంట్లో బాగోలేదని చెప్పేద్దాం, ఆమె సంతలో కూర్చుంటుంది, అందరికీ సరిపోతుంది అని లెక్క వేసుకున్నాను.

కుళాయి పక్కన చోటు

ఆ బుధవారం నేను అందరికంటే ముందు సంత బస్సులో దిగాను. నేరుగా చేపల వరస మలుపుకి వెళ్లాను. చోటు ఖాళీగా ఉంది. పైడమ్మ లేదు. గోనెపట్టా మీద రెండు చీపుళ్ల కట్టలు మాత్రం ఉన్నాయి. పొద్దున్న అప్పలస్వామి తెచ్చి పెట్టాడని పక్కన ఎండుచేపలమ్మే ఆవిడ చెప్పింది. రెండడుగుల అవతల ప్లాస్టిక్ చీపుళ్ల మనిషి బీడీ కాలుస్తూ నిలబడ్డాడు.

ఫోను చేశాను. అవతలి నుంచి మర తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"ఏం పైడమ్మా, ఇంకా అక్కడే ఉన్నావేమిటి?"

"పెద్దయ్యగోరే సొయంగా వస్తన్నారంట కదమ్మగోరూ. ఆడపడుసు కొడుకు గుమ్మంలోకొస్తంటే తలుపులు మూసీసి సంతకెల్తారా ఏటి? సోటుదేముంది, పోతే పోనీండి. కట్టలు ఆశకొద్దీ అంపినాను."

నేను ఫోను పెట్టేసి, చీర ఎగ్గట్టుకుని, ఆ గోనెపట్టా మీద కూర్చున్నాను. ఆ క్షణంలో నాకు ఇంకేమీ తోచలేదు.

ఎండుచేపలావిడ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు కూకుంటే సెల్లదమ్మా. నువ్వు ఆ ఊరి మనిసివి కావు. జీతానికి తిరిగీదానివి." ప్లాస్టిక్ చీపుళ్లాయన నవ్వాడు. ఎనిమిదేళ్లు దిబ్బవలస నాదేనని చెప్పుకు తిరిగినదాన్ని. ఒక్క మాటతో ఆవిడ నా స్థానమేమిటో చూపించింది. తల కొట్టేసినట్టయింది కానీ లేవలేదు.

కాసేపటికి ట్రస్టు జీపు వచ్చింది. సంత రద్దీకి ముందుకు పోలేక మలుపులో ఆగింది. పెద్దాయన దిగారు, వెనక ఇందిర, హైదరాబాదు వాళ్లు ఇద్దరు. పెద్దాయన చేతికర్ర ఆనించి నా ముందు నిలబడ్డారు.

"ఏటమ్మా సుగుణా, ఇక్కడ కూర్చున్నావు?"

ఇందిర నా వైపు చూసి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. నేను ఆమె కళ్లలోకి చూడలేదు. చెప్పేశాను. మర గదికి కట్టెలు, మిషనుకి చీర, కోడి, జల్లెడైపోయిన జాకెట్టు, ఎర్ర తువ్వాలు, బుధవారం. చుట్టూ జనం మూగారు. ఆగితే మళ్లీ చెప్పలేనని ఆగలేదు.

ఆయన మొహంలో రక్తం లేదు. పడిపోతారేమోనని ఇందిర చెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకున్నారు.

"బుధవారం ఇక్కడ సంతని నాకు తెలీదా ఏటి" అన్నారు చాలా నెమ్మదిగా. "ఈ సంతలో నేను బెల్లం దిమ్మలు దింపేను. మా అమ్మ నన్ను ఇదే కుళాయి దగ్గర కూర్చోబెట్టి సామాను కొనుక్కొచ్చేది. ఆఫీసులో నువ్వు బుధవారం బుధవారం అంటావుంటే ఎనిమిదేళ్లు విన్నాను. నాకెందుకు తట్టలేదమ్మా?"

ఆయన కర్రతో ఆ చీపుళ్ల కట్టలు రెండూ దగ్గరికి జరిపారు. తర్వాత ఎండుచేపలావిడ వైపు తిరిగారు.

"ఈ చోట్లో ఎవరు కూర్చుంటే చెల్లుద్దమ్మా?"

"ఆ ఇంటోల్లో, ఆ ఊరి రక్తమో కూకోవాల బాబూ."

"మా అమ్మది దిబ్బవలస" అన్నారు. "సుగుణా, నువ్వు లే."

నేను లేచాను. చోడవరం బెల్లం షావుకారు, తెల్ల పంచె, కండువా, కర్ర పక్కన పెట్టి ఆ గోనెపట్టా మీద కూర్చున్నారు. మోకాళ్లు వంగక కష్టపడుతుంటే ఎండుచేపలావిడే చెయ్యి అందించింది. ప్లాస్టిక్ చీపుళ్లాయన బీడీ పారేసి తన మూట ఎత్తుకుని వెళ్లిపోయాడు. నా ఫోను తీసుకుని పెద్దాయన పైడమ్మకి చేశారు.

"అమ్మా పైడమ్మా, నేను మీ ఆడపడుచు కొడుకుని. సంతలో నీ చోట్లో కూర్చున్నాను, మోకాళ్లు పీకుతున్నాయి. ఆ తలుపులు మూసేసి వచ్చి నన్ను లేపు. మూయకపోతే ఈ మేనల్లుడు ఇంకెప్పుడూ ఆ ఒడ్డుకి రాడు."

ఆమె ఏమందో నాకు వినబడలేదు. అవతల మర ఆగిపోయిన సంగతి మాత్రం తెలిసింది.

అరగంటకి పడవ నిండా జనం, జనం మీద చీపుళ్లు, చింతపండు బుట్టలు, జీడిపిక్కల సంచులు. సరుక్కి పడవ చాలదని ఎనిమిదేళ్ల కిందట సింహాద్రమ్మ చెప్పింది ఇదే. హైదరాబాదు వాళ్లు ఆ పడవనే చూస్తూ నిలబడ్డారు. వాళ్లలో ఒకావిడ నాతో, "మీ రిపోర్టులో ఈ చీపుళ్లు లేవే?" అంది. లేవని చెప్పాను.

మిగిలింది

కథ సుఖంగా ముగిసిందని అనుకోకండి. హైదరాబాదు వాళ్లు మళ్లీ రాలేదు. రోలుగుంట పని మొదలే కాలేదు. ఇందిర నాతో నెల రోజులు ముక్తసరిగా మాట్లాడింది. ఆమె కోపం న్యాయమైనదే, ఒప్పుకున్న మాట తప్పింది నేను. మిషన్లు కొన్ని ఒడ్డు ఇవతల ఊళ్లకి వెళ్లాయి, కొన్ని ఇప్పటికీ చీరలు కట్టుకునే ఉన్నాయి. రెండో పడవ మాత్రం వచ్చింది. బుధవారం తెల్లవారుతూనే అది సరుకుతో బయల్దేరుతుంది. పోయిన నాలుగువందల పైచిలుకు సంతలు ఎవరూ తెచ్చివ్వలేరు. పైడమ్మ ఆ మాట నన్నెప్పుడూ అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

మీకు చెప్పాలనుకున్నది ఇంతే. మిమ్మల్ని చూసి ఒక ఊరు లేచి నిలబడుతోందంటే, వాళ్లు ఏ పని ఆపి లేచారో కనుక్కోండి. మొహమాటం ఉన్నచోట మనకి నిజం చెప్పరు. పిలవని రోజు వెళ్లండి. గెడకి తువ్వాలు ఎందుకు కట్టావని అడగండి.

మొన్న బుధవారం చీపురు కొనాలని సంత బస్సెక్కాను. పుల్లలు గుచ్చుకున్నాయి, ఎవర్నీ కసరలేదు. కుళాయి పక్కన పైడమ్మ చుట్టూ జనం. అలవాటు కొద్దీ, నన్ను చూసి లేస్తుందేమోనని ఆమె ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. ఆమె లేవలేదు. ఒక చేత్తో చీపురు దులిపి చూపిస్తూ, రెండో చేత్తో నన్ను పక్కకి జరిపింది.

"అమ్మగోరూ, కాస్త అటు నిలబడండి. బేరాలొస్తన్నాయి" అంది.

పక్కకి జరిగి నిలబడ్డాను.